పాయింటర్ కథ: 177560 నుంచి మన ల్యాబుల్లోని బి8000 దాకా

ఈసారి పోస్టు కాస్త పెద్దది. బీటెక్, డిప్లొమా, బీసీఏ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, తీరిక చేసుకుని చదవండి. సి లాంగ్వేజిలో పాయింటర్ల యూనిట్ వచ్చేసరికి మనవాళ్ళు చాలామంది ఒకటే పని చేస్తున్నారు. "ఇంట్ స్టార్ పి" అని బట్టీ పట్టి, పరీక్షలో దించేసి, ఆ స్టార్ అక్కడ ఎందుకుందో తెలియకుండానే సబ్జెక్టు గట్టెక్కిస్తున్నారు. తర్వాత ఇంటర్వ్యూలో అదే ప్రశ్న ఎదురైతే నోరు పెగలదు. నేనిక్కడ సింటాక్స్ చెప్పను, అది ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఒక మెమరీ అడ్రస్‌ని నంబరుగా రాసుకుని నేరుగా అక్కడికే వెళ్ళడం అనే పని ఎక్కడ పుట్టింది, విజయవాడ చుట్టుపక్కల కాలేజీ ల్యాబుల్లోకి ఏ రూపంలో వచ్చింది, ఎందుకు మూతపడింది, ఇప్పుడు ఎక్కడ బతికుంది, అదీ ఈ పోస్టు.

ముందు అడ్రస్ అంటే ఏంటో మన దగ్గరి ఉదాహరణతో చూద్దాం. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయని పేపర్లలో వచ్చింది. చదివినవాళ్ళెవరూ 67 అంటే ఏంటి అని అడగలేదు. అది గేటు ఉన్న చోటుని చెప్పే నంబరు. ఆ గేటు ఎన్ని అడుగులు లేపి ఉంది అనేది వేరే సంఖ్య. గేటు లేపినా దించినా 67 మాత్రం 67గానే ఉంటుంది. మెమరీ కూడా ఇలాంటి గదుల వరసే. ప్రతి గదికీ మారని నంబరు ఒకటి, లోపల మారే విలువ ఒకటి. "67" అని చీటీ మీద రాసి లస్కరు చేతిలో పెడితే ఆ చీటీయే పాయింటర్. చీటీ మీద ఏముందో చూడటం ఒక పని. చీటీ పట్టుకుని ఆ గేటు దగ్గరికి నడిచివెళ్ళి దాన్ని లేపడం ఇంకో పని. ఈ రెండో పనికి సి లో వాడే గుర్తే స్టార్.

సర్వే నంబరు కూడా ఇలాంటిదే. కృష్ణ లంకల్లో కోతకు పోయిన భూములు ఉన్నాయి కదా, కాగితం మీద సర్వే నంబరు భద్రంగా ఉంటుంది, అక్కడికెళ్ళి చూస్తే నది పారుతుంటుంది. నంబరు ఉండి, అది చూపే వస్తువు పోయిన ఈ స్థితిని సి లో డ్యాంగ్లింగ్ పాయింటర్ అంటారు. పట్టా మన చేతిలో, సాగు ఇంకొకరి చేతిలో ఉండే స్థితి కూడా మనకు బాగా తెలుసు గానీ, దానికి సి లో పేరు పెట్టలేదు.

ఇక చరిత్రలోకి వెళ్దాం. అడ్రస్ అనే ఆలోచన సి తో మొదలవలేదు. తొలినాటి కంప్యూటర్లతో పని చెయ్యాలంటే అడ్రసులు రాయడం తప్ప వేరే దారే లేదు. "ఫలానా నంబరు గదిలో ఉన్నది తియ్యి, ఫలానా గదిలోది కలుపు, ఫలానా చోట పెట్టు" అనేదే ప్రోగ్రాం. మన హైదరాబాద్‌లో 1967లో పెట్టిన ఈసీఐఎల్, 1969 నాటికి టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. పేరులోని 12 అంటే 12 బిట్ల యంత్రం అని. 12 బిట్లతో వచ్చే వేర్వేరు నంబర్లు 4096. ఇప్పుడు మీ ఫోన్‌లో ఒక చిన్న ఫొటోకి అంతకంటే ఎన్నో రెట్లు చోటు పడుతుంది. ఆ తరం మినీ కంప్యూటర్లకి సాధారణంగా ముందువైపు స్విచ్చుల వరస ఉండేది. స్విచ్చులు పైకీ కిందికీ వేసి అడ్రస్ పెట్టాలి, మళ్ళీ స్విచ్చులతో విలువ పెట్టాలి, మీట నొక్కితే ఆ విలువ ఆ గదిలోకి పోతుంది. వేలితో పాయింటర్ వాడటం అన్నమాట.

1957లో ఫోర్ట్రాన్ వచ్చాక ఈ అడ్రసులు ప్రోగ్రామర్ కంటికి కనపడకుండా పోయాయి. గదికి పేరు పెడితే చాలు, నంబరు సంగతి కంపైలర్ చూసుకుంటుంది. లెక్కలు చేసుకునే సైంటిస్టులకి అది పెద్ద సుఖం. కానీ అడ్రస్‌నే ఒక విలువగా దాచుకుని, దానిమీద పని చెయ్యాల్సినవాళ్ళకి ఆ దారి సరిపోలేదు.

ఇక్కడ ఒకామె పేరు చెప్పాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడదు. కాటెరినా యుష్చెంకో, ఉక్రెయిన్ దేశస్థురాలు. స్టాలిన్ కాలంలో తండ్రిని అరెస్టు చేశాక ఆమెను కీవ్ యూనివర్సిటీ నుంచి తీసేశారు. ఆమె చదువు ఆపలేదు. ఎక్కడో దూరాన ఉన్న మధ్య ఆసియాకి వెళ్ళి అక్కడ డిగ్రీ పూర్తిచేసింది. తిరిగి కీవ్ వచ్చి 1955లో ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేసింది. దాని పేరే అడ్రస్ లాంగ్వేజి. ఒక గదిలో ఉన్న విలువని మళ్ళీ ఇంకో గది నంబరుగా వాడుకునే పని, అంటే ఇప్పుడు మనం పాయింటర్‌తో చేసేదే, ఆ భాషలో ఉంది. అది ఫోర్ట్రాన్ కంటే కూడా ముందు. అటు అమెరికాలో 1964 ప్రాంతంలో హెరాల్డ్ లాసన్ పీఎల్-వన్ అనే భాషలోకి పాయింటర్ అనే రకాన్ని తెచ్చారు. పాయింటర్ వేరియబుల్ కనిపెట్టినందుకు 2000లో ఆయనకి అవార్డు కూడా ఇచ్చారు. ఎవరు ముందు అనే తగాదా పక్కనపెడదాం. ఇంటి నుంచి గెంటేసినట్టు యూనివర్సిటీ నుంచి గెంటించుకుని, ఎక్కడో పరాయి ఊళ్ళో చదువుకుని వచ్చిన అమ్మాయి పని అది అని మాత్రం గుర్తుపెట్టుకోండి. హాస్టళ్ళలో ఉండి చదివే మనకి ఆ కథ పనికొస్తుంది.

సి కి నేరుగా పూర్వీకులు రెండు. కేంబ్రిడ్జ్‌లో మార్టిన్ రిచర్డ్స్ 1967లో చేసిన బీసీపీఎల్, దాన్ని కుదించి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేసిన బి. ఈ రెండింట్లోనూ రకాలు లేవు. ఇంట్ లేదు, క్యార్ లేదు. ఉన్నది ఒకటే రకం, యంత్రపు మాట. దాన్ని సంఖ్య అనుకుంటే సంఖ్య, అడ్రస్ అనుకుంటే అడ్రస్. థాంప్సన్ వాడిన పాత పీడీపీ-7 యంత్రంలో మెమరీని మాటకొక నంబరు చొప్పున లెక్కపెట్టేవారు కాబట్టి ఇబ్బంది రాలేదు. 1970లో పీడీపీ-11 వచ్చింది. అందులో నంబరు బైటుకొకటి. ఒక పూర్ణాంకానికి రెండు బైట్లు. దాంతో పేచీ మొదలైంది. "పక్క గదికి వెళ్ళు" అంటే ఒక అడుగు వెయ్యాలా, రెండడుగులా? అక్షరాలైతే ఒకటి, పూర్ణాంకాలైతే రెండు. పాయింటర్ దేన్ని చూపిస్తోందో కంపైలర్‌కి తెలిస్తేనే ఆ లెక్క కుదురుతుంది. డెన్నిస్ రిచీ ఆ భాషకి రకాలు చేర్చడానికి ఇదొక పెద్ద కారణం. 1971 నుంచి 1973 మధ్యలో బి కాస్తా సి అయింది. పాయింటర్‌కి ఒకటి కలిపితే అడ్రస్ ఎందుకు రెండో నాలుగో పెరుగుతుంది అని మీరు వైవాలో నీళ్ళు నములుతారే, దాని మూలం ఇదే.

ఇప్పుడు అసలు విషయం. పీడీపీ-11లో ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకి విడిగా ఆదేశాలు లేవు. 16 బిట్లతో 65,536 అడ్రసులు వస్తే, వాటిలో పై భాగాన్ని మెమరీకి కాకుండా పరికరాలకి కేటాయించారు. కీబోర్డుకి ఒక నంబరు, టెలిటైప్‌కి ఒక నంబరు, గడియారానికి ఒక నంబరు. 177560 అనేది (ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్య, మన లెక్కలో 65,392) కీబోర్డు పరిస్థితి చెప్పే గది. ఎవరైనా మీట నొక్కితే ఆ గదిలో ఒక బిట్ లేచి నిలబడుతుంది. 177562లో ఆ అక్షరం ఉంటుంది. 177566లో మీరు ఒక అక్షరం రాస్తే అవతల టెలిటైప్ టక్కుమని కాగితం మీద కొడుతుంది. గదిలో సంఖ్య మార్చితే బయట ఇనుము కదిలింది. 67 నంబరు చీటీ తీసుకుని వెళ్తే నిజం గేటు లేచినట్టు.

అందుకే సి భాషలో ఇన్‌పుట్ కోసం, అవుట్‌పుట్ కోసం ప్రత్యేకంగా కీవర్డులు లేవు. ప్రింట్‌ఎఫ్ కూడా భాషలో భాగం కాదు, లైబ్రరీలోని ఒక ఫంక్షన్. అడ్డదారిలో చూస్తే పరికరం కూడా మెమరీ గదే, గదిని తాకడానికి పాయింటర్ ఉంది. 1973లో యూనిక్స్ కెర్నెల్ మొత్తాన్ని సి లో తిరగరాయగలిగారంటే దాని వెనక ఈ వసతి ఉంది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్ కోడ్ చూస్తే ఇప్పటి కంపైలర్‌కి కళ్ళు తిరుగుతాయి. 177560 అనే సంఖ్యకి ఒక పేరు డిఫైన్ చేసి, దాన్ని నేరుగా పాయింటర్‌లాగే వాడేశారు. క్యాస్టు లేదు, ఏమీ లేదు. సంఖ్యకీ పాయింటర్‌కీ మధ్య గోడ అప్పటికింకా కట్టలేదు. ఆ కోడ్‌ని ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే మాస్టారు వరస వరసకీ వ్యాఖ్యానం రాసి విద్యార్థులకి చెప్పారు. తర్వాత కంపెనీ లైసెన్సు అడ్డుపెట్టి ఆ పాఠాలు ఆపించింది. పుస్తకం మాత్రం ఆగలేదు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసుకుని ప్రపంచమంతా చదివారు. సీనియర్ల నోట్సు జిరాక్స్ తీసుకుని గట్టెక్కే మనకి ఇదేం వింత కాదు.

గోడ తర్వాత వచ్చింది. 1978లో కెర్నిఘన్, రిచీ పుస్తకం వచ్చాక మెల్లగా క్యాస్టు రాయడం పద్ధతి అయింది. 1989 అమెరికన్ ప్రమాణంలో వోలటైల్ అనే మాట చేరింది. ఈ మాటని మన దగ్గర దాదాపు ఎవరూ సరిగా చెప్పరు, కాబట్టి కాస్త ఆగుదాం. కీబోర్డు గదిలో బిట్ లేచేదాకా తిరుగుతూ ఉండే ఒక లూప్ రాశారనుకోండి. తెలివైన కంపైలర్ ఏమనుకుంటుంది? "ఈ గదిలోకి ఈ ప్రోగ్రాంలో ఎవరూ ఏమీ రాయడం లేదు, ఇక విలువ ఎలా మారుతుంది? ఒక్కసారి చూస్తే చాలు." ఒక్కసారి చూసి, సున్నా ఉందని, ఇక జన్మలో మళ్ళీ చూడదు. మీట నొక్కినా లూప్ తిరుగుతూనే ఉంటుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం కొలిచే స్కేలు ఉంటుంది కదా. పొద్దున ఒకసారి చూసి, "నేనేమీ నీళ్ళు పొయ్యలేదు కాబట్టి మట్టం అంతే ఉంటుంది" అని సాయంత్రం దాకా అదే అంకె రాసుకునే మనిషి ఎలాంటివాడో ఆ కంపైలర్ అలాంటిది. పైన వాన పడితే నీళ్ళు వాటంతటవే వస్తాయి. వోలటైల్ అంటే "ప్రతిసారీ వెళ్ళి చూసి రా" అనే ఆజ్ఞ.

ఇక విజయవాడకి వద్దాం. 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అది మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. తర్వాత మైలవరం, గన్నవరం, గుడ్లవల్లేరు, అటు గుంటూరు దాకా కాలేజీలు వరసగా లేచాయి. వీటన్నిటి మొదటి సంవత్సరంలోనూ సి ఉండేది. ఆ సి నేర్పిన యంత్రం మాత్రం పీడీపీ-11 కాదు, ఐబీఎం పీసీ. 1981లో వచ్చిన ఆ పీసీలో ఇంటెల్ 8088 చిప్ ఉండేది. దాని అడ్రసుకి 20 బిట్లు, అంటే 10,48,576 గదులు, ఒక మెగాబైటు. రంగుల స్క్రీన్ మీద కనపడే అక్షరాలన్నీ హెక్స్ లెక్కలో బి8000 అనే చోట (మన లెక్కలో 7,53,664) మొదలయ్యే గదుల్లో ఉంటాయి. 25 వరసలు, వరసకి 80 అక్షరాలు, అక్షరానికి రెండు బైట్లు: ఒకటి అక్షరం, ఒకటి రంగు. మొత్తం 4000 బైట్లు.

చిప్ లోపలి రిజిస్టర్లు 16 బిట్లవే కాబట్టి 20 బిట్ల అడ్రస్ ఒక్కదాంట్లో పట్టదు. అందుకని సెగ్మెంట్, ఆఫ్‌సెట్ అని రెండు ముక్కలు చేశారు. సెగ్మెంట్‌ని 16తో గుణించి ఆఫ్‌సెట్ కలిపితే అసలు అడ్రస్. 1987లో బోర్లాండ్ తెచ్చిన టర్బో సి లో ఈ రెండు ముక్కల్నీ పట్టే పాయింటర్‌కి ఫార్ అని పేరు. ఇది రిచీ సి లో లేని మాట, ఆ చిప్ కోసం అతికించిన మాట. బి800 సెగ్మెంట్, 0 ఆఫ్‌సెట్ పెట్టి ఒక క్యార్ ఫార్ పాయింటర్ చేసుకుని అందులో ఒక అక్షరం రాస్తే, ప్రింట్‌ఎఫ్ ఊసే లేకుండా స్క్రీన్ ఎడమ పై మూలలో ఆ అక్షరం ప్రత్యక్షం. పక్క బైటులో సంఖ్య మారిస్తే రంగు మారుతుంది. పై నుంచి 12వ వరస, 40వ అక్షరం కావాలంటే (సున్నా నుంచి లెక్క) 12ని 160తో, 40ని 2తో గుణించి కలపాలి, 2000వ బైటు. ఇంకో ఆట కూడా ఉండేది. హెక్స్ 417 గదిలో ఆరో బిట్ లేపితే క్యాప్స్‌లాక్ మీట ముట్టుకోకుండానే పెద్దక్షరాలు పడేవి.

నాగపూర్‌కి చెందిన యశవంత్ కనేట్కర్ పుస్తకాలు ఈ విద్యని దేశమంతా పంచాయి. "లెట్ అస్ సి" తో పాటు పాయింటర్ల మీదే ఆయన విడిగా ఒక పుస్తకం రాశారు. కొత్తది కొనలేనివాళ్ళకి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులుండనే ఉన్నాయి. జనవరి వచ్చిందంటే పుస్తక మహోత్సవం. ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇంగ్లీష్ మీడియం బ్యాక్‌గ్రౌండ్ లేని పిల్లలకి కనేట్కర్ రాసినంత తేలికగా అప్పట్లో ఎవరూ రాయలేదు. అందుకు ఆయనకి దండం పెట్టాలి.

కానీ ఆ ఆటలకి రోజులు దగ్గరపడ్డాయి. డాస్‌లో ఎవరైనా ఏ గదినైనా తాకొచ్చు, తప్పు గదిలో రాస్తే మొత్తం యంత్రం బిగుసుకుపోయేది, రీసెట్ బటనే గతి. 1985లో వచ్చిన 80386 చిప్‌తో ప్రతి ప్రోగ్రాంకీ విడిగా దాని సొంత అడ్రసుల లోకం ఇవ్వడం వీలైంది. 1991లో మొదలైన లైనక్స్ దానిమీదే పుట్టింది. అప్పటినుంచి మీ ప్రోగ్రాంలో కనపడే అడ్రస్ అసలు మెమరీలోని గది నంబరు కాదు. ఊరు మారితే అదే డోర్ నంబరు వేరే ఇల్లు అయినట్టు, ఒక ప్రోగ్రాంలో బి8000 వేరు, ఇంకో ప్రోగ్రాంలో బి8000 వేరు. మీ లోకంలో లేని నంబరు తడితే కెర్నెల్ మీ ప్రోగ్రాంని అక్కడికక్కడే చంపేసి "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని రాస్తుంది. 64 బిట్ల విండోస్ అయితే టర్బో సి లాంటి 16 బిట్ల ప్రోగ్రాముల్ని అసలు నడపనే నడపదు.

మరి మన ల్యాబుల్లో ఏం చేశారు? నేను చదివిన చోట డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ వేసి, అందులో ఆ నీలం స్క్రీన్‌నే మళ్ళీ తెరిచారు. అది పాత పీసీలా నటిస్తుంది కాబట్టి బి8000 ఆట అక్కడ ఇప్పటికీ నడుస్తుంది. ఇంటికెళ్ళి జీసీసీలో అదే ప్రోగ్రాం రాస్తే ఫార్ అనే మాటే తెలియదంటుంది. ఆ మాట తీసేసి నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్. నోట్సులో అడ్రస్ 65524 అని ఉంటుంది, మన స్క్రీన్ మీద పన్నెండు అంకెల హెక్స్ సంఖ్య వస్తుంది, అదీ నడిపిన ప్రతిసారీ మారుతుంది. 65524 ఎందుకంటే టర్బో సి లో మామూలు పాయింటర్ 16 బిట్లే, 65,535 దాటదు, లోకల్ వేరియబుల్స్ ఆ చివరనే కూర్చుంటాయి. ఇప్పుడు ప్రతిసారీ మారేది ఎందుకంటే బయటివాళ్ళు అడ్రస్ ఊహించి దాడి చెయ్యకుండా కెర్నెల్ కావాలనే కలిపేస్తుంది. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి నిమిషం పట్టదు. చెప్పేవాళ్ళు లేక, తన అవుట్‌పుట్ తప్పేమోనని భయపడి, నోట్సులోని 65524నే రికార్డులో రాసిన పిల్లలు నా కళ్ళముందే ఉన్నారు. ఇంట్లో అడగడానికి ఇంజనీరు అన్నయ్య, అక్క ఉన్నవాళ్ళు వాళ్ళని అడిగి తెలుసుకున్నారు. మొదటి తరం చదువుకునేవాళ్ళే రికార్డుని నమ్మి నష్టపోయారు.

నంబరు రాసి నేరుగా గదిని తాకే పని అంతరించిందనుకోకండి. పీసీలో తలుపు వేశారు, చిన్న చిప్పుల్లో బార్లా తెరిచే ఉంది. ఆర్డ్యుయినో ఊనో బోర్డు మీది ఏటీమెగా 328పి చిప్ తీసుకోండి. ర్యామ్ రెండు కిలోబైట్లు, ఆపరేటింగ్ సిస్టం లేదు, అడ్డుకునేవాడు లేడు. అందులో 37 నంబరు గది ఎనిమిది పిన్నుల గుంపుకి చెందింది, పేరు పోర్ట్ బి. బోర్డు మీద 13 అని రాసిన పిన్ను, దానికున్న చిన్న లైటు, ఆ గదిలో ఐదో బిట్. పీడీపీ-11లో 177566 చేసిన పనే ఇక్కడ 37 చేస్తుంది.

కైకలూరు వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళలో మన యానాది కుటుంబాలు ఎన్నో. అర్ధరాత్రి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే లేచి ఏరియేటర్ స్విచ్ వేసేది వాళ్ళే. ఇప్పుడు ఆక్సిజన్ కొలిచి తనంతట తనే మోటారు ఆన్ చేసే పెట్టెలు వస్తున్నాయి. ఆ పెట్టెలో ఉండేది ఇలాంటి చిన్న చిప్పే. సెన్సార్ గది చదవడం, ఇంకో గదిలో ఒక బిట్ లేపడం, అంతే దాని పని. ఆ పెట్టె వస్తే కాపలా పని తగ్గుతుందా అనే ప్రశ్న నిజమైనదే, దానిమీద వేరే పోస్టు కావాలి. ఆ పెట్టెని బిగించే, బాగుచేసే, తయారుచేసే పని ఎవరిదవుతుంది అనే ప్రశ్న కూడా అంతే నిజం. ఆ పని చేసేవాడికి ఈ పాయింటర్లు రావాలి.

చేసి చూడండి. బోర్డు లేకపోతే వోక్వి, టింకర్‌క్యాడ్ లాంటి సిమ్యులేటర్లు బ్రౌజర్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. 36 అనే సంఖ్యని వోలటైల్ అన్‌సైన్డ్ క్యార్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి, ముందు స్టార్ పెట్టి, అందులో 32ని "ఆర్" చెయ్యండి. దాంతో ఐదో పిన్ను బయటికి పంపే పిన్ను అవుతుంది. 32 ఎందుకంటే సున్నా నుంచి లెక్కపెడితే ఐదో బిట్ విలువ అదే. తర్వాత ఇదే పద్ధతిలో 37వ గదిలో 32ని "ఆర్" చెయ్యండి, లైటు వెలుగుతుంది. నేరుగా 32 రాసేయకుండా "ఆర్" ఎందుకో తెలియాలంటే, అదే గదిలో ముందు ఇంకో బిట్ కూడా లేపి రెండు లైట్లు పెట్టి, ఆపైన నేరుగా 32 రాసి ఏ లైటు ఆరిపోతుందో చూడండి.